కాళ్లు చూపించుకోవడానికి చిత్తూరు వెళ్లి వచ్చాం

మా అమ్మ కడుపు నిండా తిన్న రోజు నాకు గుర్తు లేదు. మరి ఆమె కాళ్లు దేనితో పెరిగాయి? ఈ ప్రశ్నను ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. సోమవారం ఉపవాసం, శనివారం ఒంటిపూట, ఏకాదశికి ఉత్త నీళ్లు. మెడ ఎముకలు తేలాయి, గాజులు మోచేతి దాకా జారేవి. నడుము కింద మాత్రం రెండు కాళ్లూ లావెక్కుతూనే పోయాయి. బోదకాలన్నారు, నూనెలు రాశారు, జలగలు పట్టించారు. ఏదీ పనిచేయకపోయేసరికి మా నాయన ఒక్క మాటతో తేల్చేశాడు: “దొంగతనంగా తింటా ఉండాదిలే.” పోయేనాటికి ఆమె రోజుకు గ్లాసెడు రాగిజావ మీద బతుకుతోంది. అంత చిక్కిన మనిషి పాడె ఇంత బరువుందేమని మోసినవాళ్లు తర్వాత చెప్పుకొన్నారు.

రెండో కానుపు తర్వాత అవే కాళ్లు నాకు వచ్చాయి. మద్రాసులో బి.ఏ. చదివినందువల్ల నాకు కలిగిన లాభం ఒక్కటే, అదే తిట్టును డాక్టర్ల నోట ఇంగ్లీషులో కూడా విన్నాను. పిల్లలు ఒడిలో వాలితే నొప్పి, మంచంకోడు తగిలితే వారం రోజులు కమిలిన మచ్చ. యుద్ధంలో పనిచేసి వచ్చిన డాక్టరొకరు చిత్తూరులో కాళ్ల వాపులకు ఆపరేషన్లు చేస్తున్నారని ఈ మధ్య తెలిసింది. “పోయి రా, పోయేదేముంది” అన్నారు మావారు. పోయేవి తన కాళ్లు కావు కదా! పదహారేళ్ల మా అమ్మాయి కామాక్షిని తోడు తీసుకొని తిరుపతి నుంచి బయలుదేరాను. చీర కుచ్చిళ్ల కింద ఇలాంటి కాళ్లు దాచుకొని తిరిగేవాళ్లు నేనొక్కదాన్నే కానని తెలుసు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

స్టేషనుకు పోయే దారిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక చిన్న దుకాణం ముందు ఆగాను. కన్ను బాగైతే వెండి కన్ను, చెయ్యి బాగైతే వెండి చెయ్యి స్వామి హుండీలో వేయడం మా వైపు మొక్కు. కాళ్లు తగ్గితే వెండి కాళ్లు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. ఇచ్చే అవసరం రాలేదు. దుకాణదారు పలుచని రేకు మీద అద్దిన కాళ్ల జత ఒకటి తీసి చూపించాడు. సన్నని పిక్కలు, చక్కని మడమలు.

“లావు కాళ్లు ఉండవా?” అని అడిగాను.

“లావు కాళ్లు ఎవురు చేస్తారమ్మా? సామికి బాగయిన కాళ్లే కదా ఇచ్చేది,” అన్నాడు. “యాడికో పోతా ఉండే మాదిరి ఉండాదే? ముందు తగ్గనీండి, ఆనక కొందురు.”

“తగ్గకపోతే?”

“తగ్గకుంటే సామి కూడా అడగడులే.”

నమ్మకం ఉండి కొన్నానని చెప్పలేను. అమ్మ కొనలేకపోయిందని కొన్నాను. సంచిలో పడేసుకొని పొద్దున బయలుదేరే పాసింజరు ఎక్కాం. మూడో తరగతి ఆడవాళ్ల పెట్టె. ప్లాటుఫారం నేలమట్టంగా ఉంటుంది, రైలు మెట్టు ఎత్తు. కామాక్షి వెనక నుంచి నెట్టింది, నేను పళ్లు కరుచుకొని ఎక్కాను. చంద్రగిరి కోట దాటేదాకా బాగానే ఉంది. తర్వాత ఎదుటి బల్ల మీద తమలపాకులు నములుతున్న ఒకామె నా కాళ్ల వైపు చూసి చంకలోని పిల్లను అవతలి పక్కకు మార్చుకుంది.

“ఏనుగుకాలా అమ్మా? మా ఊర్లో ఒకామెకుండాది. పక్కన కూసుంటే అంటుకొంటాదంట కదా?”

కామాక్షికి రోషం వచ్చింది. “ఏమీ అంటుకోదు. పాదం సూడండి, మీ పాదం కంటే సన్నంగా ఉండాది.”

ఆమె వంగి చూసింది. నిజమే, చీలమండ దగ్గర తాడు కట్టినట్టుగా లావు ఆగిపోతుంది, పాదం మామూలుగా ఉంటుంది. ఆమె నవ్వింది. “అయితే రోగం కాదులే పాపా. మీ ఇంట్లో నెయ్యి బాగా దొరకతా ఉండాది. మాకు రేషను బియ్యానికే గతి లేదు!”

పెట్టెలో అందరూ నవ్వారు. రోగమన్నంతసేపూ కనీసం జాలైనా ఉంది. రోగం కాదని తేలగానే అది కూడా పోయింది.

పాకాలలో బండి చాలాసేపు ఆగుతుంది, కాఫీ తాగవచ్చు. చిత్తూరు చేరేసరికి ఎండ ముదిరింది. స్టేషను బయట జట్కాలుంటాయి, ఊళ్లో ఎక్కడికైనా ఆరణాలు అడుగుతారు, నాలుగణాలకు వస్తారు. ముసలి సాయిబు ఒకాయన బండి ఎక్కాం. నేను కూర్చోగానే బండి వెనక్కి ఒరిగింది, గుర్రం ముందుకాళ్లు తేలిపోయేటట్టున్నాయి.

“అమ్మా, మీరు ముందుకి, నా పక్కకి జరుక్కోండి. పాపను ఎనక కూసోబెట్టండి. లేకుంటే నా గుర్రం తిరప్తి కొండెక్కేస్తాది!”

ఆయన వెక్కిరించలేదు. లావుపాటి షావుకారైనా ముందుకు జరగాల్సిందే. అయినా, బెల్లం మండీ దాటి డాక్టరు వీధికి చేరేదాకా నేను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరుగారికి యాభై దాటి ఉంటాయి. అందరిలా నాడి పట్టలేదు, ఏం తింటావని అడగలేదు. స్టూలు మీద కాలు పెట్టమని మొదట పాదం చూశారు, తర్వాత చీలమండ. బొటనవేలితో పిక్కమీద నొక్కారు. గుంట పడలేదు, నేను మాత్రం కెవ్వుమన్నాను. “మీ అమ్మగారికీ ఇట్లాగే ఉండెనా?” అన్నారు. తల ఊపాను.

“ఇది బోదకాలు కాదమ్మా. బోదకాలైతే పాదం గూడా వాస్తాది, మామూలుగా ఒక కాలికే ఎక్కువుంటాది. మీకు రెండూ ఒకే తీరుగా ఉండాయి. చర్మం కింద కొవ్వు ఇది. తిండి కొవ్వు అనుకొనేరు, కాదు. పస్తులుంటే పైన చిక్కిపోతారు, ఇది మాత్రం కదలదు. ఆడవాళ్లకే, వంశంలో వస్తాది. అమెరికాలో ఈ మధ్యనే లైపెడీమా అని పేరు పెట్టినారు. పేరు వచ్చింది, మందు ఇంకా రాలే.”

అమ్మ దొంగతనంగా తినలేదు. ఆ సంగతి ఎవరితో చెప్పాలో తెలియక గోడ వైపు చూశాను. ఒప్పుకోవలసిన నాయన పోయి చాలా కాలమైంది. వినవలసిన అమ్మ ఆయన కంటే ముందే పోయింది.

“ఏం చేయొచ్చు?” అని అడిగాను.

“పొద్దున్నే మంచం దిగక ముందే పాదం నుంచి పైకి గట్టిగా గుడ్డపట్టీ చుట్టుకోండి. వీలైనప్పుడల్లా కాళ్లు ఎత్తు మీద పెట్టుకోండి. నడుములోతు నీళ్లలో నడిస్తే మంచిది. సుబ్బరంగా తినండి, పస్తులు మానండి. దీంతో నొప్పి తగ్గతాది, కాళ్లు బరువెక్కినట్టుండేది తగ్గతాది. ఆకారం మారదు.”

“మరి ఆపరేషను?”

“మోకాలి కింద పొడుగ్గా కోసి, కొవ్వు తీసి, కుట్లు వేస్తాను. పెన్సిలిన్ దొరకతా ఉండాది గాబట్టి చీము భయం ముందంత లేదు. నెలల తరబడి మంచం, మచ్చలు తప్పవు. మళ్లీ రాదని చెప్పలేను. లోపల నీరు పోయే సన్నని దారులు తెగినాయనుకోండి, ఇప్పుడు బాగుండే పాదం గూడా వాస్తాది.”

“అప్పుడు నిజంగానే ఏనుగుకాలు.”

“సూసేదానికి అంతే.”

“ఎంతమందికి చేశారు?”

“బోదకాళ్లకు చేసినాను. ఇట్లాంటి కాళ్లకు మీరే మొదలవతారు.”

“వదిలేస్తే?”

“నిదానంగా పెరగతాది. మోకాళ్లు అరిగి నడక కష్టమవతాది. సావరు.”

చావరన్నదే ఓదార్పు! మీ ఇంట్లో ఆడవాళ్లకైతే చేస్తారా అని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “మా ఇంట్లోవాళ్ల మీద నేను కత్తి పట్టనమ్మా” అన్నారు. అది జవాబో, జవాబు తప్పించుకోవడమో తేలలేదు. చేయించుకోదలిస్తే వేసవి ముదరక ముందే చెప్పమన్నారు.

లేవబోతుంటే కామాక్షి అడిగింది. “నాకూ వస్తాదా డాక్టరుగారూ?”

ఆయన దాని చీలమండల వైపు చూశారు. “రావచ్చు, రాకపోవచ్చు పాపా.” అది లంగా కిందికి పాదాలు లాక్కుంది. దాని పాదాల వైపు అట్లా చూడడం నేను ఎన్నాళ్లుగానో మానుకున్నాను.

సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. పాకాలలో ఇడ్లీ పొట్లాలు రెండు కొన్నాను. కామాక్షి పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. పొట్లం విప్పి చేతికిచ్చాను, మళ్లీ మడిచి పక్కన పెట్టింది.

“ఆకలి లేదు.”

“తిండి వల్ల కాదని ఆయన చెప్పగా విన్నావు కదే!”

“విన్నాను. రావచ్చన్నాడు, అది గూడా విన్నాను.”

“అందుకని?”

“ఏదో ఒకటి చెయ్యాల కదమ్మా.”

అమ్మ కూడా అదే అని ఉంటుంది, అడిగినవాళ్లు లేరు గాని. తిరుపతి వచ్చేదాకా ఆ పొట్లం మా ఇద్దరి మధ్య బల్లమీద చల్లారింది. తప్పు తిండిది కాదని తెలిస్తే మనసు తేలికవుతుందనుకొని బయలుదేరాను. తప్పు తిండిదైతే కనీసం మానుకోవచ్చుననే ఆశ ఒకటి ఉండేది, డాక్టరు దాన్ని మర్యాదగా తీసేశారు. నిజం తెలిసినందువల్ల ఇంట్లో ఇప్పటికి మారింది ఒక్కటే, అమ్మ పస్తులు మనవరాలికి చేరాయి. ఇప్పుడు రోజూ పక్కన కూర్చుని దానికి అన్నం కలిపి పెడుతున్నాను. నా ఎదుట తింటుంది. వెనక ఏం చేస్తుందో తెలియదు.

వెళ్లదలచినవాళ్లకు ఒక సంగతి చెబుతాను. డాక్టరు గదిలోకి పోయే ముందు వెండి పట్టీలు, మెట్టెలు తీసేసి, చీర మోకాలి దాకా ఎత్తి, పాదం వేరుగా, కాలు వేరుగా చూపించండి. సిగ్గుపడి కుచ్చిళ్ల కింద నుంచి వేళ్లు మాత్రం చూపిస్తే మళ్లీ బోదకాలనే అంటారు, మళ్లీ జలగలే.

వెండి కాళ్లు ఇంకా సంచిలోనే ఉన్నాయి. వేసవి దగ్గర పడుతోంది, చిత్తూరుకు కబురు పంపలేదు. కోయించుకుంటే ఈ కాళ్లతో బతకలేమని కామాక్షి నా దగ్గర నేర్చుకుంటుంది. మానుకుంటే నోరు మూసుకొని మోయాలని నేర్చుకుంటుంది. కోయించుకోవాలో వద్దో నాకు ఇంకా తేలలేదు.