రానూపోనూ

బస్టాండు మూడో కౌంటర్లో టికెట్లిచ్చే ఆవిడకి తోటివాళ్ళు పెట్టిన పేరు ఒంటిపిల్లి. పెట్టరూ మరి! వారమంతా జనం మొహాలు చూసి చూసి, సెలవు రోజున ఒక్క మొహమూ కనపడని కొండదారి వెతుక్కుంటూ పోయే మనిషిని ఇంకేమంటారు? దారులు పట్టడంలో ఆవిడ పద్ధతి ఆవిడది. ఏ స్టాపుకి నెలంతా ఒక్క టికెట్టూ తెగలేదో చూసుకుని, అక్కడ దిగి నడుస్తుంది. కొండ ఎక్కేటప్పుడు కలం ముట్టదు. "పోయేటప్పుడు దారి నాకే తెలీదు, ఏం రాస్తాను?" అంటుంది. దిగి వచ్చేటప్పుడు తాపీగా రాసుకుంటుంది. తన కోసం రాసుకునేదే గనక ఇన్నాళ్ళూ ఏ చిక్కూ రాలేదు.

చిక్కు తమ్ముడి వల్ల వచ్చింది. వాడిది రోజంతా ఫోన్లో ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత తిట్లు తినే ఉద్యోగం. తిండి సయించక, నిద్రపట్టక, పుల్లలా అయిపోయాడు. "అక్కా, నాక్కూడా ఒక చోటు చెప్పవే, ఒక్కపూట ప్రశాంతంగా పడుంటాను" అన్నాడు. అక్క ప్రాణం ఉసూరుమంది. తన పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. శనివారం గుడారం వీపున వేసుకుని వెళ్ళాడు. ఆదివారం పది గంటల బస్సుకి రావాలి.

బస్సొచ్చింది, వాడు రాలేదు. పరుగెత్తుకెళ్ళి డ్రైవర్ని అడిగింది.

"నిన్న దింపానమ్మా. ఇవాళ అక్కడ పురుగు కూడా లేదు."

నిద్రపోయుంటాడులే అని మనసుకి సర్దిచెప్పుకుని కౌంటర్లో కూర్చుంది. లైన్లో ఒక పెద్దాయన చెయ్యి లోపలికి పెట్టి, "రానూపోనూ రెండివ్వమ్మా" అన్నాడు.

అంతే, ఆవిడకి తమ్ముడికిచ్చిన కాగితం గుర్తొచ్చింది. రానూ, పోనూ! తను రాసింది వచ్చే దారి. వాడు చదివింది పోయే దారి. నల్లబండ దగ్గర ఎడమకి అని రాసింది. దిగేవాళ్ళకి ఎడమకి రోడ్డు. ఎక్కేవాళ్ళకి ఎడమకి పాత రాతి క్వారీ, అంచంతా పొదలే. ఓసి నా బుద్ధి తెల్లారా! కాగితం ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పడానికి నోరు పడిపోయిందా?

"మగపిల్లాడు, వాడే వస్తాడు. ముందు లైను సంగతి చూడు" అన్నాడు సూపర్‌వైజరు. ఆవిడ కిటికీ మూసి బయటికి నడిచింది.

స్టాపులో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. నల్లబండ దగ్గర ఎడమకి తిరిగింది. "ఒరే నాన్నా!" అని అరిచింది. అరిచి అరిచి నోరు పిడచకట్టుకుపోయింది. క్వారీ అంచున పొదలు విరిగి ఉన్నాయి. కిందికి చూడాలంటే భయమేసింది. చూసింది. వాడు కదిలాడు.

పడుతూ లేస్తూ దిగింది. వాడి కాలు మోకాలి కింద ఉండాల్సినట్టు లేదు. ఒళ్ళు కాలిపోతోంది.

"నిన్నట్నుంచీ అరుస్తూనే ఉన్నానక్కా. ఎవ్వరూ రాలేదు." నీళ్ళు తాగి మళ్ళీ అన్నాడు. "నువ్వు రాసినట్టే వచ్చానే. ఎక్కడ తప్పానో తెలీట్లేదు."

"నువ్వు తప్పలేదురా నా తండ్రీ. నేనే నిన్ను చంపుకుంటున్నాను" అని భోరుమంది.

లేపబోతే వాడు కేక పెట్టాడు. ఒక్కర్తి వల్ల అయ్యే పని కాదు. ఫోనుకి సిగ్నలు అందదు. రోడ్డు గంట దూరం.

"వెళ్ళకే అక్కా. మళ్ళీ నన్ను ఒక్కణ్ణే వదిలేసి వెళ్ళకే."

చున్నీ వాడి తలకి నీడ పట్టేలా రాళ్ళ మీద పరిచింది. తన చెయ్యి పట్టుకున్న వేళ్ళని ఒక్కొక్కటే విడదీసింది. వెనక్కి తిరిగి చూస్తే కాళ్ళు కదలవని చూడకుండా ఎక్కింది.

రోడ్డు అటూ ఖాళీ, ఇటూ ఖాళీ. మళ్ళీ బస్సు నాలుగింటికి. ఎవరైనా సరే, ఆవిడకిప్పుడు మనుషులు కావాలి. ఏ బండి వచ్చినా ఆగాలి, లేదంటే తన మీంచే పోవాలి అనుకుని, రోడ్డు మధ్యలో చేతులు బార్లా చాపి నిలబడింది.