కళ్ళ క్యాంపులో ఉగాది పచ్చడి

ఇనుప గని ఊరు కిరండూల్‌లో మా కార్మికుల లైన్ల ఆడవాళ్ళకు క్లబ్బు అన్నమాట వింటేనే నవ్వొచ్చేది. మగవాళ్ళ క్లబ్బంటే పేకాట, ఆడవాళ్ళ క్లబ్బంటే పైన బంగళాల్లో ఆఫీసర్ల భార్యలు కూర్చుని టీ తాగడం అని మా లెక్క. వాళ్ళది సేవా క్లబ్బనీ, చలికాలం దుప్పట్లు పంచుతారనీ, బాలింతలకు పాలడబ్బాలు ఇస్తారనీ నాకు తెలిసింది ప్రెసిడెంటు మేడమ్ మా గుమ్మంలో వచ్చి నిలబడిన రోజునే.

ఆవిడ ఉత్తరాది మనిషి. భర్త గనిలో పెద్ద ఇంజనీరు. మా ఆయన అదే గనిలో రాయి తవ్వే షావెల్ మిషను మీద హెల్పరు. ఆవిడ నిలబడి ఉంటే నేను కుర్చీ కోసం ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో కుర్చీ లేదన్న సంగతి నాకు తెలియనట్టు.

"మీకు గోండీ వస్తుందట కదా," అంది హిందీలో.

మాది కొంటా దగ్గర మరైగూడ వైపు. ఇంట్లో తెలుగు, చేలో డోర్లీ, బజారులో హిందీ. మా డోర్లీకి కొండ కింది వాళ్ళ గోండీకి కొంత తేడా ఉన్నా, సగం నోటితో, సగం చేత్తో మాట్లాడి నెట్టుకొచ్చేదాన్ని. అదే చెప్పాను. మూడో తరగతితో బడి మానేశానని కూడా చెప్పాను.

"నాకు రొట్టె గుండ్రంగా చేయడం రాదు. అయినా నన్ను ప్రెసిడెంటును చేశారు. మీరు వచ్చేయండి," అంది.

అలా నేను క్లబ్బు మనిషినయ్యాను.

ఆ ఏడు క్లబ్బువాళ్ళు కళ్ళ ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. విశాఖ వైపు నుంచి డాక్టరు, ఆయన మనుషులు రైల్లో వచ్చారు. క్లబ్బు హాలే ఆసుపత్రి అయింది. నేల మీద గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు వేశాం. అప్పట్లో శుక్లం తీస్తే రెండు కళ్ళకూ కట్టు కట్టేవారు. కట్టు విప్పేదాకా లేవకూడదు, వంగకూడదు, తల తిప్పకూడదు. తల కదలకుండా చెవులకు అటూ ఇటూ పెట్టడానికి మేము పాత లంగాలు చించి సంచులు కుట్టి, వాగు ఇసుక నింపాం. మేడమ్ కుట్టిన సంచుల్లోంచి ఇసుక కారేది. వాటిని ఆవిడ చూడకుండా మేము మళ్ళీ కుట్టేవాళ్ళం.

వంట పని మా పక్క క్వార్టరు వదినది. శ్రీకాకుళం వైపు మనిషి. పొయ్యి దగ్గర ఆమె చెప్పిందే మాట. మధ్యాహ్నం రోగులకు తినిపించడం అయ్యాక అందరం ఒకే వరుసలో నేల మీద కూర్చుని తినేవాళ్ళం. ఇంజనీరు భార్య పక్కన డంపరు డ్రైవరు భార్య, ఆమె పక్కన నేను. బయట ఎదురుపడితే పక్కకు తప్పుకొనే మేము అక్కడ ఒకరి ఆకులోది ఒకరం అడిగి తిన్నాం.

కొండ కింది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో ఒక అవ్వ ఉండేది. సంతలో చింతపండు, విస్తరాకులు అమ్మేది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన దానికి శుక్లం కమ్మింది. కూతురి చేయి పట్టుకుని వచ్చింది. ఆపరేషన్‌కు ముందు భయంగా ఉందా అని నాకొచ్చిన గోండీలో అడిగాను.

"భయమెందుకు? ఈ కన్ను కూడా పోతే నన్ను ఇంట్ల ఒక మూలకు కూసోబెడ్తరు. నాకు మూల పడదు," అంది.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈమెకు ఉన్నది ఒకటే కన్ను, లేచి తిరిగిందా కుట్టు కదిలిపోతుంది, తర్వాత నేను కూడా ఏం చేయలేను, గట్టిగా చెప్పు అన్నారు. చెప్పాను. అవ్వ బుద్ధిగా పడుకుంది.

కట్టు విప్పడానికి ఇంకా రోజులున్నాయనగా ఉగాది వచ్చింది.

పొద్దున్నే నేను దుప్పట్లు ఉతకడానికి వెళ్ళాను. వదిన చీకటితోనే లేచి, వేపపువ్వు ఏరి, కొత్త బెల్లం, చింతపండు కలిపి, ఎవరి దొడ్లోనో కాసిన లేత మామిడికాయలు సన్నగా తరిగి పచ్చడి చేసింది. పండగ పూట ఇంటికి దూరంగా పడుకున్నారు, వీళ్ళ నోట్లోనూ ఇంత పెడదాం అనుకుంది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చెంచాతో నోట్లో పెట్టింది. కళ్ళకు కట్టున్నవాళ్ళు మందనుకున్నారో ఏమో, నోరు తెరిచారు.

నేను తడి బట్టలతో వచ్చేసరికి హాల్లో అవ్వ లేచి కూర్చుని ఉంది. ఇసుక సంచులు పక్కకు దొర్లిపోయి ఉన్నాయి.

"ఎవరు పెట్టిన్రు నాకు మర్కా?" అంది.

మర్కా అంటే మామిడి. ఆ ఊళ్ళలో కొత్తకాయ వస్తే ముందు నేలతల్లికీ, చనిపోయిన పెద్దలకూ పెట్టాలి. దానికొక పండగ ఉంది. ఏ ఊరి పండగ ఆ ఊరిది. అది అయ్యేదాకా పిల్లలు కూడా మామిడికాయ నోట పెట్టరు. అవ్వ ఊళ్ళో పండగ ఇంకా కాలేదు. మాకేమో మామిడి ముక్క లేకపోతే ఉగాదే లేదు.

"అవ్వా, పడుకో. లేవొద్దని డాక్టరు చెప్పిండు కదా," అన్నాను.

"కళ్ళు కట్టి మర్కా తినిపియ్యుమని కూడా ఆయనే చెప్పిండా?"

"తెల్వక పెట్టిన్రు."

"తెల్వక పెట్టినా నా కడుపులకే పోయింది. నేను పోత. నా బిడ్డను పిలువు."

వదిన పచ్చడి గిన్నె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. "నానేటి సేసినాను వదినా? పండగ పూటని పెట్టినాను," అని ఏడుస్తోంది. పక్కన పడుకున్నవాళ్ళు తమ మూటల కోసం చేతులతో తడుముకుంటున్నారు. అవ్వ లేచిందంటే అందరూ లేస్తారు.

డాక్టరు పరుగున వచ్చారు. ఈమె కొండ దిగి నడిచిందా, కన్ను పోయినట్టే అని చెప్పమన్నారు. చెప్పాను.

"కన్ను పోతే నా ఒక్కదానిది పోతది. పెద్దలకు కోపమొస్తే ఊరందరికీ తగులుతది," అంది అవ్వ. 

మేడమ్ అంతసేపూ తలుపు దగ్గర నిలబడి వింటోంది. నేను హిందీలో చెప్పడం పూర్తి కాకముందే, "పడుకోమని ఎవరు చెబితే ఈమె వింటుంది?" అని అడిగింది.

ఊరి పూజలు చేసే పెద్దను వాళ్ళు గాయత అంటారు. ఆయన మాటే వింటుందని అవ్వ కూతురు చెప్పింది.

"జీపు తెమ్మను," అంది మేడమ్.

అవ్వతో బేరమాడాను. పొద్దుగూకేదాకా పడుకుంటానంది. గాయత రాకపోతే చీకట్లోనైనా పోతానంది. "నాకు చీకటైతేంది, ఎండైతేంది," అని కూడా అంది.

జీపు రోడ్డున్నంత మేరకే పోయింది. తర్వాత వాగు. మేడమ్ ఎత్తుమడమల చెప్పులు చేత్తో పట్టుకుని, చీర మోకాళ్ళ దాకా దోపుకుని మా వెనకే నడిచింది. అవ్వ కూతురు ముందు, నేను నడుమ. గాయత పెరట్లో కంచె కట్టుకుంటున్నాడు. నేను చెప్పినంతసేపూ వెదురుబద్దలు అల్లుతూనే విన్నాడు.

"పెట్టింది ఎవరు?" అన్నాడు.

నేను వదిన సంగతి చెప్పబోయాను. మేడమ్‌కు ప్రశ్న అర్థమైనట్టుంది, నా చేయి పట్టుకుని ఆపింది. "నేను పెట్టానని చెప్పు. పెట్టింది క్లబ్బు. క్లబ్బుకు పెద్దను నేను."

అదే చెప్పాను. ఆయన ఆవిడను కాళ్ళ మట్టి నుంచి తలదాకా చూసి కంచె పని పక్కన పెట్టాడు.

"కళ్ళు కట్టుకుని పడుకున్నదాని మీద తప్పు లేదు. తినిపిచ్చినోళ్ళదే తప్పు. వాళ్ళే తీర్చాలె. కోడి గింజ ముట్టాలె," అన్నాడు.

అంటే, తప్పు చేసినవాళ్ళు కోడిని చేత పట్టుకుని నేల మీద బియ్యం ముందు కూర్చోవాలి. కోడి గింజ ముట్టుకుంటే పెద్దలు ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే లేదు.

మేడమ్ పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషి. సంతలో కోళ్ళు అమ్మే వైపుకు కూడా వచ్చేది కాదు. ఊరి చివర పూజ చేసే చోట ఆవిడ చేతుల్లో కోడిని పెట్టారు. గాయత ఏదో చెప్పుకుంటూ బియ్యం పోశాడు. మేడమ్ కళ్ళు గట్టిగా మూసుకుంది. కోడిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కోడి గింజ వైపు చూడలేదు. అవ్వ కూతురు చూపు కోడి మీద, నా చూపు పొద్దు మీద.

"కళ్ళు తెరువుమను," అన్నాడు గాయత నాతో. "మా దిక్కు కళ్ళు మూసుకున్నది ఒకతి ఉన్నది, చాలదా?"

ఆ మాట హిందీలో చెప్పేసరికి మేడమ్‌కు నవ్వొచ్చింది. కళ్ళు తెరిచింది. నవ్వుతో పట్టు సడలింది. కోడి మెడ చాపి, ఇటు చూసి, అటు చూసి, గింజ పొడిచింది. ఆగకుండా ఇంకోటి, ఇంకోటి పొడిచింది. అవ్వ కూతురు నన్ను కౌగిలించుకుంది. మేడమ్ మాత్రం కోడిని ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.

గాయత ఇంకో మాట కూడా పెట్టాడు. మా ఊరి పండగ అయ్యేదాకా మీ ఇళ్ళల్లోనూ మామిడి ముట్టకూడదన్నాడు. మేడమ్ క్లబ్బు మొత్తం తరఫున అక్కడే ఒప్పుకుంది. ఇంట్లో మగవాళ్ళను అడగాలన్న ఆలోచన మాకిద్దరికీ రాలేదు.

జీపులో ఆయన ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా డ్రైవరును మెల్లగా పొమ్మని కోప్పడుతూ వచ్చాడు. మేము హాలు చేరేసరికి ఎండ ఇంకా కొండ మీద ఉంది. ఆయన అవ్వ పక్కన కూర్చుని, కోడి గింజ ముట్టింది, ఇక పడుకో అన్నాడు.

అవ్వ అంత సులువుగా నమ్మే మనిషి కాదు. "నువ్వేనా? వీళ్ళు ఎవర్నో తెచ్చి నీ లెక్క మాట్లాడిస్తున్నరా?"

"నీ మేక నా చిక్కుడు పాదు మేసింది, యాదికున్నదా?"

"అది నా మేక కాదు," అని అవ్వ గభాలున అని, తల దిండు మీద పెట్టింది. డాక్టరు వచ్చి చూసి, కుట్టు నిలిచిందన్నారు. హాలంతా నవ్వులు. ఇసుక సంచులు మళ్ళీ చెవుల దగ్గర పెడుతుంటే అవ్వ ఇంకా మేక సంగతే గొణుగుతోంది.

వదిన అప్పటికే మామిడి తగిలిన గిన్నెలన్నీ బయట పెట్టి, కొత్త కుండలు తెప్పించి, ఆకుకూరతో పప్పు వండింది. అయినా ఎవరూ నోరు తెరవలేదు. గాయత తనకు పెట్టమన్నాడు. వరుస మధ్యలో కూర్చుని, అందరికీ వినబడేట్టు చప్పుడు చేస్తూ తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. ఆ చప్పుడు విని ఒక్కొక్కరే నోరు తెరిచారు. వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంతలా తిన్నోల్ని మా అత్తోరింట్లో కూడా సూడలేదు," అంది.

మాట నిలబెట్టుకోవడం ఇంకో కథ. తెలుగిళ్ళల్లో చెట్లకు కాయలుండగా పప్పులో చింతపండు పడిందంటే మగవాళ్ళకు అనుమానం రాదూ? "మామిడికాయ తెస్తే పోలీసులు పట్టుకుంటరా ఏంది?" అని మా ఆయన రోజూ అడిగేవాడు. కాయలమ్మే ఆమె లైనంతా తిరిగి, ఒక్క గడపలోనూ బేరం తగలక, మీకందరికీ ఒకేసారి పళ్ళు పులిశాయా అని తిట్టుకుంటూ పోయింది. బంగళాల్లో కూడా అంతే. ఒక్క ఇంట్లోనూ ముట్టలేదు.

కట్టు విప్పే రోజు అందరం పని మాని హాల్లో చేరాం. డాక్టరు గుడ్డ చుట్లు తీసి, దూది తీసి, మందపాటి అద్దాలు పెట్టారు. అవ్వ చాలాసేపు రెప్పలు కొట్టింది. ముందు మేడమ్ కనబడింది.

"కోడిని పట్టుకున్నది ఈమెనా?" అంది. "కోడికే ధైర్యం ఎక్కువున్నట్టుంది."

తర్వాత కూతురి వైపు తిరిగింది. దగ్గరికి రమ్మని తల వంచమంది. పాపిట మీద వేళ్ళు పెట్టి, "నీ జుట్టు ఎప్పుడు తెల్లబడ్డదే?" అంది. కూతురు నవ్వబోయి ఏడ్చింది. మేడమ్ నా భుజం పట్టుకుంది. డాక్టరు తన అద్దాలు తుడుచుకునే వంకతో కిటికీ దగ్గరికి వెళ్ళారు. వదిన మాత్రం బాహాటంగా ఏడ్చింది. నేను ఆమె కంటే ఎక్కువ ఏడ్చాను.

అవ్వ ఊళ్ళో మామిడి పండగకు క్లబ్బు క్లబ్బంతా కదిలాం. ఈసారి మేడమ్ రబ్బరు చెప్పులేసుకొచ్చింది. గాయత నేలకూ పెద్దలకూ పెట్టాక, కాయలు కోసి ఆకుల్లో పోశారు. పంచే పని అవ్వది. ఎవరూ చేయి పట్టుకోకుండా వరుస పొడుగునా తనే నడిచి, ఒక్కొక్కరి చేతిలో ముక్క పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. తినేదాకా ఎదురుగా నిలబడి, అద్దాలు ముక్కు మీదికి తోసుకుని, మా మొహాల్లోకి వంగి చూసింది, పులుపుకు ఎవరు ఎట్లా మూతి తిప్పుతున్నారా అని. వదిన దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది. ఇంకో ముక్క పెట్టి, మళ్ళీ చూసింది.