చూడకుండా పెట్టిన పేరు

ఉమ్మడి చిత్తూరు జిల్లాను విడదీసిన 2022లో, వేసవి సెలవుల తరువాత బడులు తెరిచిన నెలలో, నన్ను డెప్యూటీ డెంటల్ సర్జన్ హోదాలో తిరుపతికీ చిత్తూరుకీ మధ్య ఉన్న ఒక ఏరియా ఆసుపత్రికి బదిలీ చేశారు. ఉద్యోగంలో నాకదే చివరి మజిలీ. ఆసుపత్రి పేరు రాయను. నేను తప్పుపట్టబోయే వాళ్లలో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. పైగా ఇలాంటి తప్పు ఏ ఒక్క ఆసుపత్రికో పరిమితం కాదు.

ప్రభుత్వాసుపత్రిలో దంత విభాగమంటే ఒక గది, ఒక కుర్చీ, పరికరాలు ఉడకబెట్టే యంత్రం ఒకటి. రోగి మొదట ఓపీ చీటీ తీసుకుని జనరల్ డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆయన చీటీ మీద 'డెంటల్' అని రాస్తే మా గదికి వస్తాడు. పండ్ల డాక్టరమ్మ అంటే పన్ను పీకే మనిషి అని రోగులకే కాదు, తోటి వైద్యులకూ అభిప్రాయం. నాలుక, అంగిలి, చిగుళ్లు, బుగ్గల లోపలి పొర, పెదవులు, వీటిలో వచ్చే పుండ్లు, మచ్చలు, గడ్డలు అన్నీ మా చదువులో భాగమేనని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది గానీ ఎవరి చెవికీ ఎక్కలేదు.

చేరిన కొద్దిరోజులకే మునిలక్ష్మి వచ్చింది. ముప్పయ్యైదేళ్లుంటాయి. కోవిడ్ భయం తగ్గి జనం మాస్కులు తీసేస్తున్న రోజుల్లో ఆమె మాత్రం మాస్కు మీద పైట కొంగు కూడా కప్పుకుని ఉంది. వెంట వచ్చిన భర్త సుబ్రమణ్యం లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. మామిడికాయలు, టమోటాల లోడు చెన్నైకి తోలే లారీ డ్రైవరు అతను. ఇద్దరి మధ్యా మాటల్లేవని చూడగానే తెలిసింది.

ఆమె కుర్చీలో కూర్చోకుండానే అడిగింది. "పండ్లన్నీ పీకేయండి మేడం. ఒగటి గూడా మిగల్చొద్దు."

చీటీలో 'నోటిపూత, వేడి, బి-కాంప్లెక్స్' అని ఒక చేతిరాత. కింద ఇంకో చేతిరాతలో 'డెంటల్, పళ్లు తీయుటకు' అని ఉంది. పళ్లెందుకు తీయాలో రాయలేదు. ఆ రెండో డాక్టరు నిన్ను నోరు తెరవమన్నాడా అని అడిగాను. లేదంది. మొదటాయన? ఆయనా లేదు.

కూర్చోబెట్టి మాస్కు తీయించాను. పెదవులు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి. నోట్లో వెలుతురు పడగానే అది నోటిపూత కాదని తెలిసిపోయింది. మామూలు నోటిపూత గుండ్రంగా, చిన్నదిగా, నడుమ పసుపు, చుట్టూ ఎరుపుతో ఉంటుంది. వారం పది రోజుల్లో దానంతటదే మానిపోతుంది. బూజులాంటి పూత అయితే పెరుగు అంటినట్టు తెల్లగా ఉండి, తుడిస్తే వస్తుంది. పుండు అంచు గట్టిపడి కాయ కాసినట్టు తగిలితే మాకు క్యాన్సర్ భయం. మునిలక్ష్మి నోట్లో ఇవేవీ కావు. రెండు బుగ్గల లోపల, అంగిలి వెనక, చిగుళ్ల మీద పొర ఊడి పచ్చి మాంసం కనిపిస్తోంది. అంచుల్లో చిరిగిన చర్మం వేలాడుతోంది. పుండు లేని చోట చిగురును గాజుగుడ్డతో మెల్లగా రుద్దాను. పై పొర ఉడికిన టమోటా తొక్కలా జరిగింది.

ఒంటి మీద ఎక్కడైనా బొబ్బలున్నాయా అని అడిగితే తల వెంట్రుకలు పక్కకి తీసి, మాడు మీద పక్కుకట్టిన పుండు ఒకటి చూపించింది. పేను కొరికిందని చెప్పారట.

ఎన్నాళ్లనుంచి అంటే, సంక్రాంతి కంటే ముందునుంచి అంది. మొదట కారం తగలనిచ్చేది కాదు. తరువాత సంగటి ముద్ద గొంతు దిగలేదు. ఇప్పుడు చల్లార్చిన గంజి, మజ్జిగ. "నోట్లో అగ్గిబెట్టినట్టుండాది మేడం. పండ్లు తగిలి పుండ్లు పడతాండాయంట. పండ్లు లేకపోతే అన్నా మానతాది కదా."

ఆ తరువాత చెప్పింది విన్నాక నాకు చేతిలో పరికరం పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

ఆమె వాళ్ల ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పుండ్లు పెదవుల దాకా వచ్చాక ఊళ్లో సూదులు వేసే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లింది. అతను రెండు బారల దూరంలో నిలబడి, "లారీ డ్రైవరు పెండ్లానివి. ఇంగేముంటాది? ఆ జబ్బే" అన్నాడు. రక్తపరీక్ష లేదు, నోరు చూసింది లేదు. ఆమె ఇల్లు చేరేలోపే మాట వీధికి చేరింది. అత్త కంచం, చెంబు వేరు పెట్టింది. బావ తన పిల్లల్ని ఆమె ఇంటి గడప తొక్కనివ్వలేదు. బడి హెడ్మాస్టరు రేపటినుంచి రావద్దని నోటిమాటగా చెప్పి, ఆ పొయ్యి ఇంకొకామెకు అప్పగించాడు. కాగితం మీద ఒక్క అక్షరం పెట్టలేదు.

గుమ్మం దగ్గరున్న సుబ్రమణ్యాన్ని లోపలికి పిలిచి కూర్చోమన్నాను. "ఈమె గూడా నన్నే అంటాండాది మేడం, నువ్వే తెచ్చినావని. నేనేం తెచ్చినాను? రోడ్డు పక్క టీ తాగడం తప్ప నాకేం తెల్దు. ఆ పరీక్ష రూములోకి పోతే సూసినోళ్లందరూ ఖాయం చేస్తారు. అందుకే పోలేదు" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ భార్య వైపు చూడలేదు.

నా అనుమానం పెంఫిగస్ మీద ఉంది. మన చర్మకణాలను ఒకదానికొకటి అతికించే జిగురు లాంటి పదార్థం ఉంటుంది. శరీరంలోని రక్షణ వ్యవస్థ దారి తప్పి ఆ జిగురు మీదే దాడి చేస్తే పొరలు విడిపోయి బొబ్బలు లేస్తాయి. చాలామందిలో ఇది నోట్లోనే మొదలై, ఒంటి మీదికి రావడానికి నెలలు పడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. ఎంగిలి వల్ల రాదు, కాపురం వల్ల రాదు. వైద్యం అందితే అదుపులో ఉంటుంది. అందకపోతే తిండి లేక, పుండ్లు చీము పట్టి ప్రాణం పోతుంది. అప్పటికే ఆమె జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది.

నిర్ధారణకు పుండు అంచునుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి. దాన్నే బయాప్సీ అంటాం. మా సూపరింటెండెంటు ఒప్పుకోలేదు. రెఫర్ చేసి వదిలించుకోండి, చర్మవ్యాధితో దంత విభాగానికి పనేమిటి అన్నాడు. నోట్లో ఉన్నది చర్మవ్యాధి అని మీరెలా తెలుసుకున్నారు, ఆమెను చూశారా అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. నాకు అంతకుముందే వచ్చి ఉంది. ఉత్త చీటీ పట్టుకుని ఈ మనిషి ఇంకెన్ని గుమ్మాలు తిరగాలి? నోటిలో బయాప్సీ చేయడం నా అర్హతలో, నా విధుల్లో ఉన్న పని. ఆమె సంతకం తీసుకుని, మత్తు సూది వేసి, అదే రోజు చేశాను.

ముక్కలు రెండు తీయాలి. ఒకటి మామూలుగా ఫార్మలిన్‌లో. రెండోది, ఆ జిగురు మీద దాడి చేస్తున్న యాంటీబాడీలు వెలుగులో కనబడేలా చేసే ప్రత్యేక పరీక్షకు. అది ఫార్మలిన్‌లో పడితే చెడిపోతుంది, సెలైన్‌లో వేసి త్వరగా చేర్చాలి. ఆసుపత్రి బండి దొరకలేదు. సుబ్రమణ్యం చేయి చాపి, "ఇట్లీండి మేడం. టమోటాలే నలక్కుండా తోల్తాను, ఇదెంత" అన్నాడు. సీసాలు రెండూ చొక్కా జేబులో పెట్టుకుని, తిరుపతిలోని పెద్దాసుపత్రికి బస్సులో వెళ్లాడు.

పెంఫిగస్ అనే వచ్చింది. అక్కడి చర్మవ్యాధుల విభాగంలో చేర్చుకున్నారు. స్టెరాయిడ్ మందులు పెద్ద మోతాదులో మొదలుపెట్టి మెల్లమెల్లగా తగ్గిస్తూ పోవాలి. ఆ మందులు మొదలుపెట్టే ముందు షుగరు, క్షయ, కామెర్లు, హెచ్‌ఐవీ పరీక్షలు చేయడం పద్ధతి. భార్యాభర్తల అనుమతితో చేశారు. ఆ హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం ఏమిటో నేనిక్కడ రాయను. చదివేవాళ్లకు తెలుసుకోవాలని ఉంటుంది. ఆ ఊరివాళ్లకూ ఉండింది. అది ఆ ఇద్దరిది. పెంఫిగస్‌కూ దానికీ సంబంధం లేదు, వంటకూ దానికీ సంబంధం లేదు.

పుండ్లు మానడం మొదలై, మునిలక్ష్మి తిరిగి సంగటి తినగలిగాక, పనికి వెళ్లవచ్చని సర్టిఫికెట్ కావాలని వచ్చింది. స్టెరాయిడ్ల వల్ల మొహం ఉబ్బింది గానీ కళ్లలో జీవం వచ్చింది. తిరుపతి డాక్టర్ల కాగితాలు చూసి, 'ఈమెకున్నది అంటువ్యాధి కాదు, వంటపనికి అభ్యంతరం లేదు' అని రాసి ముద్ర వేశాను.

రెండు రోజుల్లో తిరిగొచ్చింది. హెడ్మాస్టరు ఆ కాగితం వెనక్కి ఇచ్చేశాడట. ఆ జబ్బు లేదని స్పష్టంగా ఒక ముక్క రాయించుకురమ్మన్నాడట. నేను రాయనన్నాను.

ఆమె నా మీద మండిపడింది. "ఆ ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతాది మేడం? నా పొయ్యి నాకొస్తాది కదా."

చట్టం ప్రకారం ఉద్యోగానికి ఆ పరీక్ష కాగితం అడగకూడదు. నిజంగా ఆ జబ్బు ఉన్నా ఉద్యోగం తీసేయకూడదు. వండిన అన్నంలోనుంచి అది ఎవరికీ రాదు. ఈ రోజు నీకు లేదని రాసిస్తే, లేదని రాయించుకోలేని మనిషి రేపు ఎవరైనా వస్తే ఆమె పని పోవడం న్యాయమేనని నేనే ఒప్పుకున్నట్టు. ఇదంతా చెప్పాను. 

"చట్టం మీకు తెలుస్తాది. మా అయ్యవారికి తెల్దు కదా. మీరొచ్చి చెప్పండి మల్ల" అంది.

న్యాయమైన మాట. సెలవు పెట్టి, తల్లిదండ్రుల కమిటీ కూర్చున్న రోజు ఆ బడికి వెళ్లాను. ఆరుగురు సభ్యులు, హెడ్మాస్టరు, గోడవార మునిలక్ష్మి, సుబ్రమణ్యం. ఆయన మర్యాదస్తుడే, నాకు టీ తెప్పించాడు. "నాకేమీ పట్టింపు లేదు మేడం, పిల్లల క్షేమం కదా, తల్లిదండ్రులు అడుగుతారు" అన్నాడు. పిల్లల క్షేమం కోసం మీరు ఏ వైద్యుణ్ణి అడిగారు అన్నాను. ఎవరి మాట మీద తీసేశారు? తీసేసినట్టు కాగితం ఎందుకివ్వలేదు? కాగితం ఇస్తే దొరికిపోతామని మీకు తెలుసు కాబట్టే ఇవ్వలేదన్నాను. చట్టం చెప్పాను, జబ్బు వివరించాను. అందరూ తలలాడించారు. ఆ తలాడింపు నాకు ముప్పయ్యేళ్లుగా తెలుసు. నేను బస్సెక్కగానే అది ఆగిపోతుంది.

సుబ్రమణ్యం ఏదో అనబోయాడు. "నువ్వు గమ్మునుండు" అంది మునిలక్ష్మి. లేచి బల్ల ముందుకొచ్చింది.

"అయ్యవారూ, ఇన్ని నెల్లుగా నా నోటి గురించి మీరందరూ మాట్లాడినారు. అంగడికాడ, బోరింగుకాడ, యాడ సూసినా అదే మాట. ఒక్కరన్నా నోరు తెరువు, సూస్తామన్నారా? ఇప్పుడు తెరస్తాను. సూడండి."

నోరు తెరిచి నిలబడింది. హెడ్మాస్టరు కిటికీలోంచి ఆటస్థలం వైపు చూశాడు. మగవాళ్లు బల్ల మీది కాగితాల్లోకి చూశారు. ఆమె నోరు మూయలేదు.  సిగ్గుపడాల్సిన వాళ్లు చూపులు తిప్పుకుంటూ ఉంటే, ఏ తప్పూ చేయని మనిషి అలా నోరు తెరుచుకుని నిలబడాల్సి రావడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి కమిటీలో ఉన్న ఒక తల్లి లేచింది. మునిలక్ష్మి గడ్డం పట్టుకుని, ఫోను లైటు వేసి, బుగ్గలు అటూ ఇటూ చూసింది. "మానిపోయిండాది. ఈడ కొంచెం ఎర్రగుండాది, అంతే" అని మిగతావాళ్లకు చెప్పి, "మా పాప నీ సాంబారే అడగతాండాది లేక్కా" అని వెళ్లి కూర్చుంది.

మునిలక్ష్మిని మళ్లీ తీసుకున్నారు. కొందరు పిల్లలకు ఇంటినుంచి క్యారియరు పంపడం చాలాకాలం సాగింది. అత్త కంచం కలిపింది, బావ మాత్రం మాట కలపలేదు. సుబ్రమణ్యానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పేరు పెట్టిన ఆర్ఎంపీ అదే వీధిలో ఇంకా సూదులు వేస్తున్నాడు. అతని మీద నేను పైకి రాసిన ఫిర్యాదుకు అందినట్టు రసీదు వచ్చింది, అంతకు మించి ఏమీ రాలేదు. నాకు మాత్రం, అనుమతి లేకుండా బయాప్సీ చేసినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో త్వరగానే వచ్చింది. జవాబు రాశాను. చర్య ఏమీ తీసుకోలేదు, తప్పు లేదని కూడా అనలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది రెండు సంగతులు. మొదటిది వైద్యానిది. నోట్లో పుండు గానీ, మచ్చ గానీ, గడ్డ గానీ రెండు వారాలు దాటినా మానకపోతే దానికి వేడి, పూత, విటమిను తక్కువ అని పేర్లు పెట్టి మాత్రలు మింగుతూ కూర్చోకూడదు. దంత వైద్యులకు చూపించుకోవాలి, అవసరమైతే ముక్క తీయించాలి. చూడకుండా మందు రాసిన డాక్టరును, ముందు నోరు చూడండి అని రోగి అడగవచ్చు. అది రోగి హక్కు. రెండోది, రోగికి న్యాయం జరగాలంటే ముందు ఫలానా జబ్బు లేదని నిరూపించుకోమనే వాళ్లకు వైద్యులు ఆ కాగితం రాసివ్వకూడదు. రాసిస్తే ఒక మనిషి పని నిలబడుతుంది, పదిమంది పని పోవడానికి దారి పడుతుంది.