చెయ్యెత్తితే ఆగే పొట్టేలు

నా కుడి భుజం నొప్పి వయసుతో వచ్చింది కాదు, కంప్యూటర్ ఆటతో వచ్చింది. మొన్న ఆదివారం ఒక్క చెయ్యెత్తి ఒక పొట్టేలు ప్రాణం నిలబెట్టాను, అదే చేత్తో మా మరిది రాజకీయ జీవితం ముంచాను. వరసగా చెప్తాను. మధ్యలో ప్రశ్నలు వద్దు.

మా మనవరాలు కీర్తి జవహర్‌నగర్ వైపు ఇంజినీరింగ్ చదువుతోంది. అక్కడి డంపింగ్ యార్డు చెత్త వాసన పడక, సెలవు దొరికితే చాలు, శామీర్‌పేటలో మా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఏదో రాక్షసుల ఆట. ముందు మనం ఎవరమో ఎంచుకోవాలట. ఒకడి చేతిలో కత్తి, ఇంకొకడి చేతిలో మంత్రదండం. మూడోవాడివి ఉత్త చేతులు, పక్కన మాత్రం ఓ తోడేలు.

"వీడేం జేస్తడు బిడ్డా?"

"జంతువులతోని దోస్తీ జేస్తడు అవ్వా. పేరు పెట్టాలె, చేత్తోని తినిపియ్యాలె, ఒక సైగ నేర్పాలె. ఇగ అది ఆయన మాట జవదాటది."

ఇంత తేలికైన సిలబస్ నా టీచరు సర్వీసులో చూడలేదు. వాణ్ణే ఎంచుకున్నాను. నేను మౌస్ నొక్కినప్పుడల్లా ఆ తోడేలు నన్నే కరిచింది.

"అవ్వా, మళ్ల సచ్చిపోయినవ్," అంది కీర్తి.

ప్రయోగం చేసి చూడకుండా పాఠం వదలడం నాకు చేతకాదు. పెరట్లో పొట్టేలు కట్టేసి ఉంది.

ఆ పొట్టేలు మా మరిది యాదిరెడ్డి తెచ్చింది. ఆయనకు సర్పంచ్ కావాలని మస్తు ఆశ. పార్టీ పెద్దాయన్ని ఎల్లమ్మ మొక్కు పేరుతో దావత్‌కు పిలిచాడు. దావత్ కుదిరితే టికెట్, అంటే పార్టీ మద్దతు, కుదురుతుందని లెక్క. కోసే పొట్టేలుకు ఎవరూ పేరు పెట్టరు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ప్రయోగం కదా అని సోమయ్య అని పెట్టాను. మా బడిలో ఒక్కనాడూ కుదురుగా కూర్చోని పిల్లాడి పేరది. రోజూ తుమ్మకాయలు చేత్తో తినిపించాను. నాకు వచ్చిన సైగ ఒకటే, కుడి చెయ్యి పైకెత్తడం. క్లాసులో అది నిశ్శబ్దానికి గుర్తు. మొక్కునాటికి, నేను చెయ్యెత్తితే సోమయ్య నమలడం కూడా ఆపేవాడు.

మా పొలంలో ఇప్పుడు పంట లేదు, ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. వాటి మధ్యే ఎల్లమ్మ గద్దె. పొట్టేలును ముందు నిలబెట్టి వీపున పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు. చన్నీళ్లు పడితే ఏ గొర్రె అయినా విదిలిస్తుంది, కాబట్టి తల్లి ఎప్పుడూ ఒప్పుకుంటూనే ఉంటుంది.

సరిగ్గా నీళ్లు పోసే వేళకు వెనక ఆడవాళ్లు ముచ్చట్లు మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ చెయ్యెత్తాను. ఆడవాళ్లు ఆగలేదు. సోమయ్య ఆగాడు.

ఇంకో చెంబు పోశారు. కదల్లేదు. బిందె ఎత్తి గుమ్మరించారు. ప్రార్థనలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

"ఏందిర ఇది, గొర్రెనా, రాయా?" యాదిరెడ్డి పరేషాన్ అయ్యాడు.

అప్పుడు గమనించాను. సోమయ్య కళ్లు నా అరచేతి మీదే ఉన్నాయి. చెయ్యి దించితే సోమయ్య కూరవుతాడు. దించకపోతే టికెట్ పోతుంది. ఒకరేమో మరిది, ఒకరేమో విద్యార్థి.

"అవ్వా, దించకు," కీర్తి చెవిలో గొణిగింది.

దించలేదు. కాసేపటికి చెయ్యి లాగింది, తర్వాత వణికింది, ఆ తర్వాత ఒళ్లంతా వణికింది.

"టీచరమ్మకు తల్లి పూనింది," అందొకామె. ఎత్తిన చేతిలో వేపమండ పెట్టారు. బరువు పెరిగింది.

పెద్దాయన చేతులు జోడించి ముందుకొచ్చాడు. "తల్లీ, టికెట్ ఎవరికియ్యమంటవ్?"

నాకేం పూనిందని చెప్పను? నోటికి వచ్చింది బడి మాటే. "ముందు అందరు కింద కూసోండి."

జనమంతా కూర్చున్నారు. తెల్లబట్టల పెద్దాయన కూడా మట్టిలో కూర్చున్నాడు. చుట్టూ చూసి, "యాదిరెడ్డీ, నీ మాట గొర్రె గూడ ఇంటలేదు. ఈ అమ్మ మాటకు ఊరంత కూసున్నది. టికెట్ మీ వదినెకే," అని తేల్చాడు. పప్పుచారు తిని వెళ్లాడు. నాకొద్దని కబురు పంపితే, టికెట్ పక్కవాడలో ఎవరికో ఇచ్చాడట.

ఆ వార్త తెలిసిన సాయంత్రం మరిది ఇంటికొచ్చాడు. "గొర్రెను ఇడిసి నన్ను కోసినవ్ గద వదినే," అని గొంతు పెంచాడు. ఆ గొంతుకు సోమయ్య తాడు తెంపుకుని కొమ్ములు వంచి వాకిట్లోకి వచ్చాడు. నేను మళ్లీ చెయ్యెత్తాను. సోమయ్య ఆగాడు. మరిది కూడా ఆగాడు.

"అవ్వా, నీకిప్పుడు రెండు జంతువులు," అంది కీర్తి.

నవ్వొచ్చింది గానీ, చెయ్యి దించే ధైర్యం ఇంకా రాలేదు. దించితే వాళ్లిద్దరిలో ఎవరు ముందు మీదికొస్తారో తెలియదు. ఇన్నేళ్లు పిల్లల దస్తూరీకి మార్కులు తగ్గించినదాన్ని, నా అక్షరాలు ఇలా వంకరపోయినందుకు మన్నించండి. ఇదంతా ఎడమచేత్తో రాస్తున్నాను.