కుప్పయ్య దాచుకున్న రూలు

రిటైరయ్యాక మళ్లీ ఒక్కసారైనా ల్యాబు నుంచి పిలుపు వస్తుందని కుప్పయ్య గారు మూడేళ్లు ఎదురుచూశారు. రాకుండా చేసింది నేనే.

తిరుపతిలో మా ల్యాబులో ఆయన టెక్నీషియన్. మందుల్లో, మట్టిలో ఏమేం కలిసి ఉన్నాయో తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్ ఆయన చేతి కిందే ఉండేది. అది అలిగిందంటే మా డాక్టరేట్లన్నీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆయన సొంతూరు పుత్తూరు. అక్కడి కట్టు వైద్యులు విరిగిన చేతికన్నా ముందు మంచి చెయ్యి తడిమి చూస్తారట. ఈయనా అంతే. ముందు బాగా నడుస్తున్న పంపు మీద అరచెయ్యి పెట్టి, తర్వాతే చెడినదాని దగ్గరికి వెళ్లేవారు.

ఆయన రిటైరయ్యేలోపు ఆ తెలివంతా కంప్యూటర్‌కెక్కించమని ల్యాబువాళ్లు నాకు అప్పగించారు. ప్రశ్నలడుగుతూ లోపం ఎక్కడుందో చెప్పే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అది. ఆరు నెలలు "ఎట్లా తెలిసింది సార్?" అంటూ ఆయన ప్రాణం తీశాను.

"ఇన్నేళ్లలో ఎట్లా తెలిసిందని అడిగినదానివి నువ్వొక్కదానివే పాపా" అని మురిసిపోయారు.

'ఇట్లా ఉంటే ఇది చెడినట్టు' అంటూ మూడొందల రూల్స్ రాశాం. ప్రోగ్రాం ఎంత బాగా పనిచేసిందంటే, ఆయన్ను పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

మొన్న పాత యంత్రాన్ని తీసేసి కొత్తది తెచ్చారు. ఆ మాట చెప్పడానికి పుత్తూరు వెళ్లాను. ఆయన భార్య జ్ఞానాంబ తలుపు తీసింది.

"ఇప్పటికి దారి తెలిసినాదా జాహ్నవీ? వాన మొదులైతే సాలు, ల్యాబులో పిలుస్తారని ఆయప్ప ఇస్త్రీ సొక్కా ఏసుకోని కూసుంటాడు."

కుప్పయ్య గారు సిగ్గుపడి, అసలు సంగతి ఒప్పుకున్నారు. వానల్లో ఒక కేబుల్ జాయింటుకు చెమ్మ తగిలితే, గాలి లీకవుతోందని యంత్రం తప్పు చెబుతుంది. ఆ ఒక్క రూలు నాకు చెప్పకుండా దాచుకున్నారు, అప్పుడైనా పిలుస్తామని.

"వానల్లో ఒక్కసారన్నా ఆగిందా పాపా?"

"లేదు సార్. చివరిదాకా బాగానే నడిచింది."

"నడస్తాది. రిటైరయ్యే దినం ఆ కేబులు నేనే మార్చేసినా. సెడిపోతాదని తెలిసీ వదిలేసి వచ్చేదానికి మనసొప్పలా."

"మరి దేనికి ఎదురుచూశారు సార్?"

"మిషను సెడితేనే పిలవాలని మనం యాడా రాయలేదు గదా పాపా. ఊరికే పిలుస్తావేమో అనుకున్నా."