పంజాగుట్ట హాల్లో నాన్న వీడియో

పోయిన మనిషిని తలుచుకుందామని బంధువులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, లైట్లు ఆర్పి, ఆ మనిషిని రెండోసారి మాయం చేసిన ఘనుణ్ణి నేను. ఎలా చేశానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

కొన్నేళ్ళ కిందట నాన్న సంవత్సరీకం దగ్గరపడింది. ఆ ఏడాదంతా అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తినేసేది. అలాంటిది ఒకరోజు నన్ను పిలిచి, "ఒరే, ఫొటోలన్నీ కలిపి పాట పెట్టి వీడియో చేస్తున్నారటగా. మీ నాన్న ఆ ఊళ్ళన్నీ తిరుగుతుంటే మళ్ళీ ఓసారి చూడాలనుందిరా" అంది.

ఊళ్ళకేం, బోలెడు. నాన్న ఆఫీసు ప్రయాణ ఖర్చులు ఇచ్చిందంటే చాలు, మేనత్తనీ బాబాయినీ కూడా కలుపుకుని అందరినీ రైలెక్కించేవాడు. కన్యాకుమారి, ఊటీ, కాశీ, ఆగ్రా, మైసూరు. ఆ ఆల్బములతో బీరువా తలుపు సరిగ్గా పడేది కాదు.

ఆల్బములన్నీ మోసుకుని అమీర్‌పేటలో యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఏ భవనం చూసినా కంప్యూటర్ కోచింగ్ బోర్డులే కనిపించే సందులో, మెట్ల కింద అతని మిక్సింగ్ షాపు. చుట్టుపక్కల పెళ్ళి వీడియోలన్నీ అక్కడే తయారవుతాయి. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నాలుగు పుస్తకాలు చదివినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎక్కడ ఏది ఉండకూడదో తనకే తెలుసనుకుంటాడు. నాకది బాగా ముదిరి ఉంది.

"ఫొటో ఫొటోకి గులాబీలు పడేటట్టు పెడ్త సార్. మస్తుగుంటది" అన్నాడు యూసుఫ్ భాయ్.

"వద్దు భాయ్."

"పోనీ, పావురాలు?"

"వద్దు."

"షెహనాయి పెడదాం. జర ఏడిపిస్తది."

"ఒక్క వీణ చాలు. ఇంకేమీ వద్దు."

బిర్యానీ హోటల్లో కూర్చుని చారన్నం అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. "మీ నాయిన, మీ ఇష్టం" అని స్కానింగుకి కూర్చున్నాడు.

తర్వాత ఏరివేత మొదలుపెట్టాను. వంగిన ఫొటో వద్దు, మసక ఫొటో వద్దు, వేలు అడ్డొచ్చింది వద్దు. ఒకచోట అతనికే జాలేసి, "ఇది గూడ తీసెయ్యాల్నా సార్?" అన్నాడు. తల లేదు కదా అన్నాను. ఒప్పుకున్నాడు. పుచ్చు వంకాయలు ఏరిపారేసే గృహిణిలా నేను తృప్తిగా పని ముగించాను. మిగిలినవి ముత్యాల్లా ఉన్నాయి. వీణ తీగ మీటినప్పుడల్లా ఒక ఫొటో మారేలా చేయించి, మళ్ళీ మళ్ళీ చూసుకుని, కళ్ళు తుడుచుకున్నాను.

సంవత్సరీకం పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో. భోజనాలయ్యాక యూసుఫ్ భాయ్ ప్రొజెక్టరు బిగించాడు. అమ్మ ముందు వరసలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంది. లైట్లు ఆరాయి, వీణ మొదలైంది.

కన్యాకుమారి రాళ్ళ మీద అమ్మ. ఊటీ రైల్లో నేనూ చెల్లీ. కాశీ పడవలో సుశీలత్తయ్య. తాజ్‌మహల్ ముందు బాబాయి. అందరూ ఆహా అన్నారు. మైసూరు వచ్చేసరికి నాన్న చెల్లెలు సుశీలత్తయ్య, అన్నయ్య ఎప్పుడొస్తాడని మెల్లగా అడిగింది. ముందు ఊళ్ళు చూపిస్తున్నాడులే, వస్తాడని బాబాయి సర్దిచెప్పాడు. నిజం చెప్పొద్దూ, అప్పటికి నేను కూడా ఎదురుచూస్తున్నాను. వీణ ఆగింది. లైట్లు వెలిగాయి. నాన్న రాలేదు.

బాబాయి నా చెవి దగ్గరికి వంగాడు. "బాగుందిరా. ఫొటోల్లో మీ అమ్మ ఎంత బాగా పడిందో. ఇంతకీ సంవత్సరీకం ఎవరిది?"

జరిగిందేమిటంటే, కెమెరా ఎప్పుడూ నాన్న చేతిలోనే ఉండేది. రీలు చివర మిగిలిన ఒక్క ఫొటో మాత్రం అమ్మ వంతు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని బటన్ నొక్కేది. అంటే, నాన్న ఉన్నది అమ్మ తీసిన ఫొటోల్లోనే. వాటన్నిటినీ నేను అందం కోసం తీసిపారేశాను. మిగతా వాటిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు కాబట్టి, ఆయన లేడని నాకు తట్టనే లేదు.

"నేను తీసినవి ఏవిరా?" అంది అమ్మ.

"అవి సరిగ్గా రాలేదమ్మా."

"రాలేదని నాకూ తెలుసు. మీ నాన్నా అనేవారు. ఏవి?"

యూసుఫ్ భాయే లేచాడు. "ఉన్నయ్ అమ్మా. పారెయ్యలె. పక్కకు వెట్టిన."

నేను తీసేయించినవన్నీ తెర మీద వేశాడు. ఈసారి వీణా లేదు, వరసా లేదు. తాజ్‌మహల్ గుమ్మటం మొత్తం వచ్చింది, దాని కింద నాన్న ముక్కు దాకానే వచ్చాడు. ఊటీలో ఒక బొటనవేలు, దాని వెనక సగం నాన్న. కన్యాకుమారిలో సముద్రం ఆయన మీద ఒలికిపోయేంత వాలుగా ఉంది. అమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళి, ఇక్కడ కళ్ళు తెరిచి నొక్కమని తిడుతున్నారు, అందుకే నోరు తెరిచి ఉంది, అని చెబుతుంటే హాలంతా పడీపడీ నవ్వింది. ఏడాది తర్వాత అమ్మ కూడా నవ్వింది.

అంతలో ఇంకొకటి వచ్చింది. తెల్లచొక్కా, నడుం మీద చెయ్యి, పక్కన బస్సు. తల లేదు. సుశీలత్తయ్యకి దుఃఖం ఆగలేదు. "ఆ నిలబడ్డం చూడండి, అచ్చం అన్నయ్యే" అని బావురుమంది. బాబాయి కళ్ళజోడు తీసేశాడు. నేను జేబురుమాలు వెతుక్కున్నాను. యూసుఫ్ భాయ్ మర్యాదగా ఆ ఫొటోని అలాగే ఆపి ఉంచాడు.

అమ్మ తెరకి ఇంకాస్త దగ్గరగా వెళ్ళి పరకాయించి చూసింది. "మీ అన్నయ్య కాదు సుశీలా. మైసూరులో మన బస్సు డ్రైవరు. మీ అన్నయ్య అప్పుడు కెమెరా నాకిచ్చి కొబ్బరిబోండాలకి వెళ్ళారు."

అప్పుడే ఆ డ్రైవరు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరి ఫొటోకీ వంక పెట్టను, తల ఉన్నదీ లేనిదీ చూడను, ఎవరి వీడియోకీ ఏరివేతకి కూర్చోను. మా ఇంటిల్లిపాది కన్నీళ్ళూ అందుకున్న ఆ డ్రైవరు ఎక్కడున్నా, తలతో సహా చల్లగా ఉండాలి.