రాగి గాజులకు దారిచ్చిన మేడమ్‌గారు

సోమవారం మధ్యాహ్నం "మేడమ్‌గారు పోయారు" అని ఫోన్ వస్తే, "ఏ మేడమ్?" అని అడిగాను. గుడివాడ ఇంజినీరింగ్ కాలేజీలో నాకు ప్రొడక్షన్ పాఠాలు చెప్పిన మేడమ్‌గారే. స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

విద్యార్థుల్ని కూడా ఆవిడ "అండీ" అనేవారు. టీ తెప్పించుకుని, లెక్కలో పడి మరిచిపోయి, చల్లారాక ఒక్క గుక్కలో తాగేసేవారు. "ముందు వెళ్లి చూడండి, తర్వాత రాయండి" అన్నది ఆవిడ మాట.

నాన్న మంచం పట్టాక, బందరులో మా రోల్డ్‌గోల్డ్ నగల షెడ్డు నా చేతికొచ్చింది. పెళ్లిళ్ల సీజన్ ఆర్డరు అందకపోతే మూసెయ్యాల్సిందే. ఏ నగల తర్వాత ఏవి వెళ్లాలో మేడమ్‌గారు వరుస లెక్కగట్టి ఇచ్చారు: ముందు పాలిష్, తర్వాత రాగి పూత, చివర బంగారు పూత, మూడు చోట్లా అన్నీ ఒకే వరుసలో కదలాలి. పని మొదలెట్టాక చూస్తే బంగారు పూత తొట్టి ఖాళీగా ఉంటోంది, ఆర్డరు వెనకబడుతోంది. ఫోన్ చేస్తే ఆవిడ బస్సెక్కి వచ్చేశారు.

రాగి పూత తొట్టి దగ్గర ఆగిపోయారు. "ఈ గాజులు రాగివే కదండీ, ఇక్కడెందుకున్నాయి?"

"గొలుసుల తర్వాత వీటి వంతండీ. మీరిచ్చిన వరుసే," అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "అయ్యో, వీటికి ఇక్కడ సున్నా నిమిషాలని వేశాను. సున్నా అయినా వంతు కోసం నిలబడాల్సిందేగా! రాగికి మళ్లీ రాగి పూతెందుకు, అసలు వీటికి ఇక్కడ పనే లేదు, నేరుగా బంగారు పూతకు వెళ్లిపోవాలి. తప్పు నాదేనండీ."

అలాగని గాజులన్నిటినీ ముందుకు తోసేస్తే సరిపోలేదు. అప్పుడు గొలుసులు చివర్లో పేరుకుపోతున్నాయి. గాజులు గొలుసుల్ని దాటి వెళ్లే వీలు వచ్చేసరికి లెక్క ఇంకా చిక్కుపడింది. సాయంత్రం దాకా స్టూలు మీద కూర్చుని, కొన్ని గాజుల్ని ముందు పంపి, కొన్నిటిని ఆపి, వరుస తిరగరాశారు. ఆర్డరు గడువులో వెళ్లింది. షెడ్డు నిలబడింది. మరుసటి ఏడు నుంచి ఆ లెక్కను "ఇది నేను తప్పు చేసిందండీ" అని చెప్పి మరీ క్లాసులో మొదలుపెట్టేవారు.

ఆవిడ పోయిన రోజు ఉదయం కూడా నాతో ఫోన్‌లో మాట్లాడారు. "కొత్త తొట్టి పెట్టారటగా, ఆదివారం వచ్చి చూస్తానండీ," అన్నారు.

కబురు తెలిసి నేను కాలేజీకి చేరేసరికి ఆవిడను సొంతూరు అవనిగడ్డకు తీసుకెళ్లిపోయారు. బండ్ల స్టాండు దగ్గరే ఆగిపోయాను. సాయంత్రం బెల్లు కొట్టారు. పిల్లలు ఒక్కొక్కరే బండ్లు తీసుకుని వెళ్లిపోయారు. స్టాండులో మేడమ్‌గారి స్కూటీ ఒక్కటే మిగిలింది. హ్యాండిల్‌కు హెల్మెట్ వేలాడుతోంది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.